నలుపు తెలుపు వీధి ఫొటోలు: బహ్రెయిన్ నివాస భవనాల ఉమ్మడి గోడలు

బహ్రెయిన్‌లో ఇంటి చిరునామా అంటే వరసగా కొన్ని అంకెలు: ఫ్లాటు నంబరు, భవనం నంబరు, రోడ్డు నంబరు, బ్లాకు నంబరు. చాలా వీధులకు పేరు కన్నా నంబరే వాడుక. అలాంటి వీధిలో నడిచిపోయే మనుషుల్ని, వాళ్ల నీడల్ని, కొట్ల ముందు ఖాళీ కుర్చీల్ని, ఎవరినీ నిలబెట్టి పోజు పెట్టించకుండా పట్టుకున్న ఫొటోను వీధి ఫొటో అంటారు. దాన్ని రంగుల్లేకుండా అచ్చువేసి, పటం కట్టించి, అపార్టుమెంటు లాబీలోనో లిఫ్టు ఎదుటో మెట్ల మలుపులోనో తగిలించడం ఈ వ్యాసం విషయం. పైకి ఇది గోడల ముస్తాబు వ్యవహారం. అయితే నలుగురూ తిరిగే గోడ మీద ఎవరి బొమ్మ ఉండాలో తేల్చేవాళ్లు, ఆ భవనమున్న ఊరు ఎవరిదో కూడా తేల్చేస్తున్నారు. 2020 జనగణనలో తేలిన సుమారు 15 లక్షల జనాభాలో సగానికి మించి విదేశీయులే ఉన్న దేశంలో అది చిన్న తీర్పు కాదు. ఇక్కడ చేసే వాదన ఇది: ఉమ్మడి గోడకెక్కే ఫొటో ఆ చుట్టుపక్కల వీధిదే కావాలి, అందులో ఉన్న మనిషి రేపు ఆ లాబీలోకి నడిచొచ్చి తన బొమ్మను చూసుకుంటే చిన్నబుచ్చుకోకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గని ఫొటో ఎంత గొప్పదైనా గ్యాలరీలో ఉండదగ్గదేమో గానీ పదిమంది కాపురముండే చోట తగదు.

మొదటి పరీక్ష, అంటే ‘ఈ వీధిదేనా?’ అన్నది, బహ్రెయిన్‌లో అనుకున్నంత తేలిక కాదు. నలుపు తెలుపు అనగానే భవన యజమానులకు తట్టేది పాత బహ్రెయిన్: ముత్యాల వేటకు వెళ్లే పడవలు, ఖర్జూరపు మట్టల గుడిసెలు, గాలిబురుజుల ఇళ్లు. అలాంటి ఫొటోలకు కొదవ లేదు. జర్మన్ యాత్రికుడు హెర్మన్ బుర్కార్ట్ 1903-04లో గల్ఫ్ తీరం వెంట తిరుగుతూ తీసినవి ఉన్నాయి. నగల వ్యాపారి జాక్ కార్టియే 1912లో ముత్యాల కోసం వచ్చినప్పుడు అక్కడి వర్తకులతో కూర్చుని దిగిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. 1932లో చమురు పడ్డాక బాప్కో అనే చమురు కంపెనీ తన అవసరాలకు తీయించిన ఫొటోలు ఒక పెద్ద నిధి. ఆ కంపెనీలో పనిచేసిన అబ్దుల్లా అల్ ఖాన్ వంటి స్థానిక ఫొటోగ్రాఫర్ల కళ్లతోనే ఆ తరం తన ఊరిని చూసుకోవడం మొదలుపెట్టింది. ఈ జాబితాను ఒకసారి పరికించి చూస్తే సంగతి బోధపడుతుంది. మొదటి యాభై ఏళ్ల ఫొటోల్లో ఎక్కువ భాగం వచ్చిపోయేవాళ్లు తీసినవి, కొనడానికి వచ్చినవాళ్లు తీసినవి, కంపెనీ తీయించినవి. వాటిని లాబీలో పెట్టకూడదని కాదు. పెట్టినప్పుడు మనం చూస్తున్నది బహ్రెయిన్‌ను మాత్రమే కాదనీ, బహ్రెయిన్‌ను చూసిన ఒక అతిథి కళ్లను కూడాననీ తెలిసి పెట్టాలి.

ఇంకో చిక్కు నేలకు సంబంధించినది. 1960లలో బహ్రెయిన్ విస్తీర్ణం సుమారు 670 చదరపు కిలోమీటర్లు. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోగా ఇవాళ 780 దాకా వచ్చింది. రాజధాని మనామాలోని బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం కట్టినప్పుడు దాదాపు నీళ్ల ఒడ్డునే ఉండేది. ఇప్పుడు దానికీ అలలకూ మధ్య రోడ్లు, బహుళ అంతస్తులు. సీఫ్, అమ్వాజ్ దీవులు, జుఫైర్‌లో చాలా భాగం ఈ పూడిక నేలే. విదేశీయులు ఫ్లాట్లు కొనుక్కోవడానికి 2001 చట్టంతో తలుపు తెరుచుకుంది. వాళ్లకు కేటాయించిన చోట్లు కూడా ఎక్కువగా ఇవే. మరి అమ్వాజ్ టవరు లాబీలో ‘1950ల నాటి మన వీధి’ అని ఫొటో పెడితే ఏం పెట్టాలి? అప్పుడక్కడ చేపలున్నాయి. అలాంటి భవనంలో పాత ముత్యాల పట్టణం ముహర్రఖ్ సందుల ఫొటోలు తగిలించడమంటే పక్కింటివాళ్ల తాతముత్తాతల పటాలు మన హాల్లో పెట్టుకున్నట్టు. ఆ భవనానికి సరైన వీధి ఫొటో ఇప్పటిదే: క్రేన్ల కింద టీ తాగే మనుషులు, ఇంకా చెట్టు మొలవని పేవ్‌మెంటు, ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న కుటుంబం. కొత్త ఊరికి పాత ముఖం అతికించడం కన్నా కొత్త ముఖాన్నే నిజాయితీగా చూపించడం మేలు.

ఈ మాటను బహ్రెయిన్ దేశమే ఒకసారి ప్రపంచం ముందు చెప్పి మెప్పు పొందింది. 2010లో వెనిస్ ఆర్కిటెక్చర్ బియన్నాలెలో తొలిసారి పాల్గొన్న ఆ దేశం, ‘రిక్లెయిమ్’ అన్న పేరుతో పెట్టిన ప్రదర్శనకు ఉత్తమ జాతీయ భాగస్వామ్యానికిచ్చే గోల్డెన్ లయన్ గెలుచుకుంది. నూరా అల్ సాయెహ్, ఫువాద్ అల్ అన్సారీ దాని నిర్వాహకులు. ఆకాశహర్మ్యాల నమూనాలు పట్టుకెళ్లే అవకాశమున్నా వాళ్లు పట్టుకెళ్లింది తీరాన జాలర్లు చెక్కముక్కలతో, రేకులతో కట్టుకున్న మూడు గుడిసెలు. వాటిని విప్పి, వెనిస్‌లో మళ్లీ నిలబెట్టి, చూడవచ్చినవాళ్లను అందులో కూర్చోమన్నారు. ఆ గుడిసెల పక్కనే, లెబనాన్‌లో పుట్టి బహ్రెయిన్‌లో స్థిరపడ్డ కామిల్ జకారియా అలాంటి గుడిసెల్ని తీరం వెంట తిరిగి తీసిన ఫొటోలు. ఆ గుడిసెలు కట్టుకున్న మనిషికి సముద్రం దూరమైపోతోందన్నది అందులోని ఫిర్యాదు. నివాస భవనం గోడలకు ఇంతకన్నా దగ్గరి పాఠం దొరకదు. మన్ననకు తగిన దృశ్యం కావాలంటే స్మారక కట్టడాలే అక్కర్లేదు. జనం సొంతంగా చేసుకున్న చోటు చాలు, దాన్ని వెటకారం లేకుండా తీస్తే.

ముహర్రఖ్‌లో జరిగింది రెండో సాక్ష్యం. అక్కడి ముత్యాల వర్తకుల ఇళ్లు, కొట్లు, సముద్రంలోని మూడు ముత్యపు చిప్పల క్షేత్రాలు కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కాయి. వాటిని కలుపుతూ సుమారు మూడున్నర కిలోమీటర్ల నడకదారి వేశారు. ఆ పనికి 2019లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఆ దారిలో తిరిగితే తెలిసేదేమిటంటే, పునరుద్ధరణ ఇళ్లతోనే ఆగలేదు. ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ స్థలాల్ని చిన్న చిన్న కూడళ్లుగా మార్చారు. ‘బరాహా’ అంటే పాత అరబ్బు పేటల్లో ఇళ్ల మధ్య నలుగురూ చేరే ఖాళీ జాగా. మన రచ్చబండకు దూరపు చుట్టం. అపార్టుమెంటు వచ్చాక ఆ జాగా లాబీలోకి కుంచించుకుపోయింది. ఏసీ, పాలరాయి, రెండు సోఫాలు ఉంటాయి, కూర్చునేవాళ్లుండరు. లాబీకి వీధి ఫొటో తెచ్చిపెట్టగలిగేది ఆ పోయిన బరాహా జ్ఞాపకాన్ని కాదు, లిఫ్టు కోసం నిలబడ్డ ఇద్దరు అపరిచితులు మాట కలపడానికి ఒక సాకును. ‘ఇది మన వెనకాల బేకరీయే కదూ’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఈఫిల్ టవరు ఫొటో ఎదుట ఆ ప్రశ్న పుట్టదు.

ఇక గోడ ఎవరిదన్న సంగతి. బహ్రెయిన్‌లో 2017 నాటి 27వ నంబరు చట్టం స్థిరాస్తి రంగాన్నంతటినీ ఒక నియంత్రణ సంస్థ కిందికి తెచ్చింది. దాన్ని మన దేశంలో లాగే అక్కడ కూడా పొడి అక్షరాల్లో ‘రెరా’ అనే అంటారు. ఫ్లాట్లు విడివిడిగా అమ్ముడైన భవనాల్లో ప్రవేశద్వారం, మెట్లు, కారిడార్లు, లిఫ్టులు యజమానులందరి ఉమ్మడి సొత్తు. వాటి నిర్వహణ యజమానుల సంఘానిది. కాబట్టి ఫ్లాటు తలుపు బయటి గోడకు మేకు కొట్టే హక్కు ఆ ఫ్లాటు యజమానికి కూడా ఒంటరిగా లేదు. గుదైబియా, హూరా వంటి పాత పేటల్లో భవనం మొత్తం ఒకే యజమానిదై, ఫ్లాట్లన్నీ అద్దెకిచ్చిన సందర్భాలు మామూలే. అక్కడ మాట ఆయనది. రెండు చోట్లా మాట చెల్లనిది అద్దెకున్నవాళ్లకే. ఆ గోడల పక్కనుంచి రోజుకు నాలుగుసార్లు నడిచేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే మరి. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అని మన సామెత. ఉమ్మడి గోడకూ అదే గతి. ఎవరికీ పట్టనందువల్ల డెకరేషన్ కాంట్రాక్టరు గోదాములో మిగిలిన పటాలు దానికెక్కుతాయి. న్యూయార్క్ టాక్సీ, లండన్ ఫోన్ బూతు, వానలో గొడుగు. ఎండకు తప్ప గొడుగు విప్పే పని దాదాపు ఉండని దేశంలో ఆ చివరిదాన్ని ఎవరు ఎంచుకుంటారో ఊహించడం కష్టం.

రంగు లేకపోవడం గురించి కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయి. బలం తేలిగ్గా చెప్పొచ్చు. గల్ఫ్ ఎండలో రంగు నిలవదు. మధ్యాహ్నం వీధి మొత్తం ఒకే ఇసుక రంగులోకి వెలిసిపోతుంది, మిగిలేది వెలుగూ నీడా. నలుపు తెలుపు ఆ రెంటినీ యథాతథంగా పట్టుకుంటుంది. పైగా నాలుగు అంతస్తుల్లో నలుగురు తీసిన ఫొటోలు రంగుల్లో ఉంటే ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, నలుపు తెలుపులో సర్దుకుపోతాయి. బలహీనత ఏమిటంటే అది నిన్నటిని కూడా నూరేళ్ల కిందటిదిగా చూపిస్తుంది. గత వారం శుక్రవారం బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర జమకూడిన కూలీల్ని నలుపు తెలుపులో తీసి లాబీలో పెడితే, చూసేవాడికి వాళ్లు చరిత్రలా కనిపిస్తారు. వాళ్ల కష్టం ఎప్పుడో తీరిపోయినట్టు, దాన్ని ఇక సౌందర్యంగా ఆస్వాదించడమే మిగిలినట్టు. తెలుగువాళ్ల ఇంట్లో దీనికి ఇంకో అర్థం కూడా కలుస్తుంది. నట్టింట నలుపు తెలుపు పటం, దానికో దండ, పైన చిన్న బల్బు అంటే ఆ మనిషి లేడని. గుదైబియాలో అద్దెకున్న తెలుగు ఇల్లాలు లాబీలో ముసలాయన నలుపు తెలుపు ముఖం చూసి ‘ఈ భవనంలో ఎవరైనా పోయారా’ అని అడిగితే ఆమెను చూసి నవ్వాల్సిన పనిలేదు. ఆ పటాన్ని సంవత్సరం రాయకుండా తగిలించినవాడిదే తప్పు. పరిష్కారం ఖర్చు లేనిది. ప్రతి పటం కింద బ్లాకు నంబరు, రోడ్డు నంబరు, తీసిన నెల, సంవత్సరం స్పష్టంగా రాయాలి. తేదీ ఉన్న నలుపు తెలుపు ఫొటో పాతదనే భ్రమ పెట్టలేదు.

రెండో పరీక్ష దీన్నుంచే పుడుతుంది. ఒక ఫొటోను ఊహించండి. గుదైబియా సందులో సాయంత్రం. కొట్టు మెట్టు మీద ఒకతను కూర్చుని ఫోను చెవికి ఆనించి నేలకేసి చూస్తున్నాడు. పక్కన ప్లాస్టిక్ సంచిలో రెండు రొట్టెలు. కంపెనీ యూనిఫాం జేబు మీద పేరు కుట్టి ఉంది, గుండీ ఒకటి ఊడింది. వెలుగు కొట్టు ట్యూబులైటుది. సగం ముఖం నలుపులో మునిగింది. ఫొటోగా చూస్తే ఏ లోపమూ లేదు. కానీ అతను జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో కడప నుంచో వచ్చినవాడై, ఆ లాబీ ఉన్న భవనంలో అదే జిల్లా ఇంజనీరు కాపురముంటున్నాడనుకోండి. ఇది అరుదైన సంగతేమీ కాదు. మూడు లక్షలు దాటిన బహ్రెయిన్ భారతీయుల్లో ఆఫీసు తెలుగువాళ్లు, లేబర్ క్యాంపు తెలుగువాళ్లు ఇద్దరూ ఉన్నారు, పండగకు తెలుగు కళా సమితి వేదిక దగ్గర ఎదురుపడేదీ వాళ్లే. ఇంటికి ఫోను చేస్తూ కూలబడ్డ క్షణం ఒకరికి గోడ అందం, ఇంకొకరికి పరువు. అడిగి తీశారా? అడిగి పెట్టారా? ఈ రెండు ప్రశ్నలూ వేరు. వీధిలో ఫొటో తీయడానికి తలూపినవాడు అది వందమంది ఇళ్ల గుమ్మంలో ఏళ్లతరబడి వేలాడటానికి ఒప్పుకున్నట్టు కాదు. 2019 ఆగస్టులో అమల్లోకి వచ్చిన బహ్రెయిన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తుపట్టగల మనిషికి సంబంధించిన ఏ సమాచారాన్నైనా వ్యక్తిగతమనే లెక్కిస్తుంది. పరువుకు భంగమయ్యే చిత్రాల విషయంలో శిక్షాస్మృతి కూడా ఉంది. అయితే చట్టం దాకా పోనక్కర్లేని మర్యాద ఇది.

ఇది మరీ మడికట్టుకోవడమనీ, వీధి ఫొటోకు ప్రాణమే అనుమతి అడగకపోవడమనీ, అడిగిన మరుక్షణం మనిషి సర్దుకుని కూర్చుంటాడనీ ఫొటోగ్రాఫర్లు అంటారు. ఆ అభ్యంతరంలో నిజముంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియే-బ్రెసాన్ నుంచి మన రఘు రాయ్ దాకా ఈ కళ నిలబడింది ఆ దొంగచూపు మీదే. కానీ ఆ ఫొటోలు పుస్తకాల్లోకి, మ్యూజియంలలోకి వెళ్లాయి. అక్కడికి చూసేవాడు కావాలని వెళ్తాడు, చూసి తిరిగొచ్చేస్తాడు. అపార్టుమెంటు గోడకు ఆ వెసులుబాటు లేదు. తీశాక అడగడానికి అడ్డేమీ లేదు కూడా: ప్రింటు ఒకటి చేతిలో పెట్టి, ఎక్కడ పెడతామో చెప్పి అడగడం. ఫ్రెంచి కళాకారుడు జె.ఆర్. 2004 నుంచి పారిస్ శివారు పేద భవనాల కుర్రాళ్ల ముఖాల్ని పెద్ద పెద్ద నలుపు తెలుపు కాగితాలుగా వేసి మొదట వాళ్ల భవనాల గోడలకే అంటించాడు, తర్వాత వాళ్ల పేర్లూ వయసులూ రాసి పారిస్ ధనిక పేటల గోడలకు అంటించాడు. ఆ కుర్రాళ్లు కెమెరా కోసం పోజిచ్చారు, వెక్కిరింపు ముఖాలు పెట్టారు. దానివల్ల ఫొటో బలం తగ్గకపోగా పెరిగింది. తన ముఖం ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషి ముఖంలో వేరే వెలుగు ఉంటుంది.

మత సంబంధమైన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇంట్లో మనుషుల బొమ్మలు వేలాడదీయడం సమ్మతం కాని ముస్లిం కుటుంబాలున్నాయి. ఆడవాళ్ల ముఖాలు పరాయి గోడల మీద ఉండటం ఇష్టం లేనివాళ్లలో ముస్లింలే కాదు, మనవాళ్లూ ఉన్నారు. పాత బహ్రెయిన్ ఇంటి కట్టుబడిలోనే ఈ పట్టింపు కనిపిస్తుంది: వీధి తలుపు తెరిచినా లోపలి హోష్, అంటే ఇంటి నడిమి ముంగిలి, కనబడకుండా దారిని వంపు తిప్పి కట్టేవారు. ఆ సంస్కారానికి ఎదురెళ్లి సాధించేది లేదు. అదృష్టవశాత్తూ వీధి ఫొటోకు ముఖమే గతి కాదు. వీపులు, నీడలు, చేతులు, సైకిలు హాండిలుకు వేలాడే టిఫిను, సముద్రం వైపు తిరిగి కూర్చున్న ముగ్గురు. తెల్లని తోబ్, అంటే అరబ్బుల పొడుగు అంగీ, వేసుకున్న మనిషి మిట్టమధ్యాహ్నపు గోడలో కలిసిపోయి నీడ మాత్రమే మిగిలే దృశ్యం ఒక్క నలుపు తెలుపులోనే కుదురుతుంది. ఈ నియమం ఫొటోగ్రాఫరు చేతులు కట్టేయదు, చూపును పదును పెట్టుకోమంటుంది. ఇళ్ల తలుపుల ముందున్న కారిడార్లలో ముఖాలు వద్దనుకుని లాబీకే పరిమితం చేయడం కూడా సబబైన రాజీ.

ఏమీ పెట్టకపోతే ఏ గొడవా లేదు కదా, తెల్లగోడ అందరికీ సమ్మతమే కదా అనేవాళ్లకు జవాబు: తెల్లగోడ ఎంతోకాలం తెల్లగా ఉండదు. నోటీసులు, డెలివరీ స్టిక్కర్లు, ‘ఇక్కడ చెప్పులు వదలరాదు’లు దాన్ని ఆక్రమిస్తాయి. ఆజ్ఞలు తప్ప ఏమీ చెప్పని గోడల మధ్య బతకడం తటస్థత అనిపించుకోదు.

పని పద్ధతి విషయానికొస్తే బహ్రెయిన్ గాలి మొదటి శత్రువు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే వేడికి సముద్రపు తేమ తోడవుతుంది, దానికి ఉప్పు, ఉత్తరపు షమాల్ గాలి తెచ్చే దుమ్ము. డార్క్‌రూములో కడిగిన అసలు సిల్వర్ ప్రింటు ఈ గాలికి పెట్టాల్సిన వస్తువు కాదు. దాని జిలాటిన్ పొర తేమకు ఉబ్బి అద్దానికి అతుక్కుంటుంది, విడదీస్తే బొమ్మ అద్దంతో పోతుంది. 65 శాతం దాటిన తేమ నిలవుంటే బూజు పడుతుంది. అసలు ప్రింటు ఇంట్లో దాచి, దూది కాగితం మీద పిగ్మెంటు ఇంకుతో తీసిన నకలు తగిలించాలి. ఆ నకలుకు హక్కుదారు అనుమతి కావాలి. 2006 నాటి 22వ నంబరు కాపీరైటు చట్టం ఫొటోలకూ వర్తిస్తుంది, ప్రింటు కొన్నంత మాత్రాన అచ్చువేసుకునే హక్కు రాదు. ఫొటోకూ అద్దానికీ మధ్య మందపాటి మౌంటు అట్ట తప్పనిసరి. లాబీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటి వేడి తేమ వచ్చి ఏసీకి చల్లబడ్డ అద్దం మీద నీరు కడుతుంది కాబట్టి తలుపుకు ఎదురుగోడ పనికిరాదు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న కార్కు బిళ్లలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. అక్రిలిక్ పలక పగలదు గానీ దుమ్మును అయస్కాంతంలా లాక్కుంటుంది. కారిడారు మీటరున్నర వెడల్పే ఉన్నప్పుడు మీటరు వెడల్పు ఫొటో పెడితే దాన్ని మొత్తంగా చూడటానికి వెనక్కి జరిగే చోటే ఉండదు. అక్కడ 30, 40 సెంటీమీటర్ల కొలతే సరి. పెద్దవి లాబీకి. ఫొటో నడిమధ్యం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పొడుగూ పొట్టీ అందరికీ అందుతుంది. నిప్పు గొట్టాల పెట్టె, బయటకు దారి చూపే దీపం, ఈ రెంటి దగ్గర్లో ఏ పటమూ ఉండకూడదు. మెట్ల దారిని రెండంగుళాలు ఇరుకు చేసినా అది తప్పే.

వీటన్నిటి తర్వాత ఒక పని రోజూ ఉంటుంది: తుడవడం. దుమ్ము గాలి వీచిన మర్నాడు మరీ. ఆ భవనంలో కాపురమున్నవాళ్లకన్నా, యజమానుల సంఘం పెద్దలకన్నా ఆ ఫొటోల్ని ఎక్కువసార్లు, దగ్గరగా చూసేది గుడ్డతో ఆ అద్దాలు తుడిచే మనిషే. చాలా చోట్ల అతను ఫొటోలో ఉన్నవాళ్ల ఊరివాడో, వాళ్ల గదిలోవాడో అయి ఉంటాడు. పది ఫొటోలు ముందు పరిచి ఏవి పెట్టాలో ఎంచుకునే రోజున మొదటి అభిప్రాయం అతన్ని అడగండి.